గట్టిగా బిగించాను, అయినా బల్ల పగిలింది

ఈ వారం ఉత్తరం రాసినాయన వయసు 38. కూర్చుని చేసే ఉద్యోగం. మూడేళ్లుగా సెలవు రోజుల్లో చెక్కపని నేర్చుకుంటున్నారు. రెండు పీటలు, ఒక పుస్తకాల అర, పనిముట్లు దాచుకునే పెట్టె చేశాక కాస్త ధైర్యం వచ్చింది. వాళ్ల అక్క కొత్త ఇంటికి మారుతుంటే ఆమెకొక బల్ల చేసిచ్చారు. "చిన్నప్పుడు నా పుస్తకాలన్నిటికీ అట్టలు వేసింది అక్కే. ఆమె ఇంట్లో నా చేత్తో చేసిన వస్తువు ఒకటి ఉండాలని కోరిక" అని రాశారు.

బల్ల పొడవు 150 సెంటీమీటర్లు, వెడల్పు 80, ఎత్తు 75. ఐదు టేకు పలకల్ని అంచుకు అంచు జిగురుతో అతికించి పై పలక చేశారు. కింద నాలుగు కాళ్లు, వాటిని కలుపుతూ నాలుగు పట్టీలు. నాజూగ్గా ఉండాలని పట్టీల వెడల్పు 6 సెంటీమీటర్లే పెట్టారు. కాలు బయటి వైపు నుంచి దింపిన స్క్రూ పట్టీ చివర్లోకి దిగేలా, ఒక్కో మూలలో పట్టీకి రెండు స్క్రూల చొప్పున వేశారు. పై పలకను 14 స్క్రూలతో చట్రానికి కదలకుండా బిగించారు. దానికి జిగురు కూడా రాద్దామనుకున్నారు గానీ టైం చాలలేదు. చెక్క కొన్నది వానల్లో. కొన్న పదో రోజుకు బల్ల తయారైంది.

ఏడు నెలల తర్వాత అక్క ఇంటికి వెళ్తే బల్ల మీద మందపాటి గుడ్డ పరిచి ఉంది. మేనల్లుడు దాని మీదే చదువుకుంటాడు. వాడు రాస్తుంటే బల్ల అటూ ఇటూ ఊగుతోంది. ఒక కాలి కింద మడతపెట్టిన కాగితం. గుడ్డ ఎత్తితే, ఒక చివర నుంచి లోపలికి 40 సెంటీమీటర్ల పగులు. "అందులో నా గోరు దూరింది" అని రాశారు. అక్కను అడిగితే, "బాగానే ఉందిరా, నువ్వు కంగారుపడకు. నేనే రోజూ తడిగుడ్డతో తుడుస్తుంటాను" అందట. పక్కనే ఉన్న బావగారు మాత్రం "స్క్రూలతో చేస్తే అంతే, అసలైన వడ్రంగి ఒక్క మేకు కూడా వాడడు" అన్నారట.

ఆ మాట మనసులో గుచ్చుకుంది. అప్పట్నుంచి మూడు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని, స్క్రూ లేకుండా మూలల్లో పళ్లను ఒకదాంట్లో ఒకటి దింపి కలిపే డవ్‌టెయిల్ జాయింట్లు కోయడం ప్రాక్టీస్ చేస్తున్నారు. ఒక్కటీ కుదరలేదు. ఆయన అడిగినవి ఇవి. జిగురు కూడా రాసి ఇంకా గట్టిగా బిగించి ఉంటే పగిలేది కాదా? స్క్రూ వాడటం తప్పా? ఆ బల్ల తెచ్చేసి కొత్తది చేయాలా, పాతదాన్నే బాగుచేయాలా, లేక ఈ పని నా వల్ల కాదని పనిముట్లు ఎవరికైనా ఇచ్చేయాలా?

మీ మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మీ బల్ల గట్టిగా బిగించినందుకే పగిలింది. జిగురు కూడా రాసి ఉంటే ఇంకా పెద్దగా పగిలేది, బాగుచేసే దారి కూడా మూసుకుపోయేది. ఆ రోజు మీకు టైం చాలకపోవడం మంచిదైంది.

చీపురుకట్ట నీళ్లలో తడిస్తే ఏమవుతుందో గుర్తు చేసుకోండి. పుల్లలు ఉబ్బి కట్ట లావెక్కుతుంది గానీ పొడవు పెరగదు. ఆరాక సన్నబడి, కట్టిన తాడు వదులవుతుంది. పలక కూడా అంతే. చెక్కలోని నార పొడవునా ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే ఆ నార ఉబ్బుతుంది, తగ్గితే కుదించుకుంటుంది. ఆ మార్పంతా వెడల్పులోనూ మందంలోనూ కనిపిస్తుంది, పొడవులో దాదాపు ఏమీ ఉండదు. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి, మాను మధ్య నుంచి బయటి వైపుగా కొలిస్తే సుమారు రెండున్నర శాతం తగ్గుతుంది, మానులోని వయసు వలయాల వెంబడి కొలిస్తే 5 శాతానికి పైనే. టేకు తక్కువ కదిలే చెక్కల్లో ఒకటని మర్చిపోకండి. ఓక్ జాతుల్లో కొన్ని వలయాల వెంబడి 10 శాతం దాకా కుదించుకుంటాయి. చెక్క ఒకసారి ఆరిందంటే ఈ కదలిక ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. వార్నిష్ వేసినా ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. తేమ నెలల నుంచి పొడి నెలలకు వచ్చేసరికి, 80 సెంటీమీటర్ల వెడల్పున్న మీ పై పలక నాలుగైదు మిల్లీమీటర్ల నుంచి ఎనిమిది దాకా తగ్గి ఉండొచ్చు. వానల్లో కొన్న చెక్కను పది రోజుల్లోనే వాడేశారు కాబట్టి ఎక్కువ వైపే ఉంటుందని నా అంచనా.

ఇప్పుడు పలక కింద ఏం జరిగిందో చూడండి. బల్ల రెండు చివర్లలో అడ్డంగా ఉన్న పట్టీల నార, పై పలక నారకు అడ్డంగా ఉంది. అంటే పై పలక ఏ దిక్కున కుదించుకుంటుందో, ఆ దిక్కున పట్టీ అసలు కుదించుకోదు. ఒకటి ముడుచుకోవాలని చూస్తుంటే రెండోది స్క్రూలతో రెండు అంచుల దగ్గరా పట్టుకుని ఉంచింది. నారకు అడ్డంగా లాగితే చెక్కకు బలం బాగా తక్కువ. కట్టెలు చీల్చిన వాళ్లెవరికైనా అది తెలుసు. ఎక్కడో ఒకచోట తెగాలి కాబట్టి తెగింది. పగులు చివర నుంచే మొదలవడానికి కారణం కూడా ఇదే. ఆ పట్టీ స్క్రూలు ఉన్నది అక్కడే, పలకల్లో ముందుగా ఆరేదీ చివరలే.

ఇది తెలిశాక మీరు రాసిన ఒక వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్లాలి. "నేనే రోజూ తడిగుడ్డతో తుడుస్తుంటాను" అంది మీ అక్క. మీరు ఆ మాటను ఓదార్పుగా తీసుకుని బావగారి మాట దగ్గరికి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆమె తప్పు ఒప్పుకుంటున్నట్టు వినిపించింది. తమ్ముడు చేసిచ్చిన బల్లను తానే పాడుచేశానని ఆమె అనుకుంటోందేమో. గుడ్డ పరిచింది మీ పనితనంలోని లోపం మీకు కనిపించకుండా ఉండటానికని మీరు బాధపడుతున్నారు. తన నిర్లక్ష్యం మీకు కనిపించకూడదని కూడా పరిచి ఉండొచ్చు కదా. పైపైన తడిగుడ్డతో తుడిస్తే 40 సెంటీమీటర్ల పగులు రాదు. ఈ మాట ఆమెకు మీ నోటితో చెప్పాలి. "అక్కా, నువ్వు వాడినందుకు పగల్లేదు, నేను బిగించిన పద్ధతి వల్ల పగిలింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అంటే చాలు. బల్ల బాగుచేసినా చేయకపోయినా ఈ ముక్క మాత్రం చెప్పండి.

ఇక ఊగడం సంగతి. దీన్ని పగులుతో కలిపి ఒకే జబ్బుగా చూడకండి. అసలు ఊగడంలోనే రెండు రకాలున్నాయి. ఒక మూల నొక్కితే ఎదురు మూల కాలు నేల నుంచి లేచి టక్కుమని పడితే, అది కాళ్ల పొడవులో తేడా, లేదా నేలలో ఎత్తుపల్లం, లేదా చట్రం మెలి తిరగడం. కాగితం మడత దానికే పనికొస్తుంది. నాలుగు కాళ్లూ నేల మీదే ఉండి, పైభాగం మొత్తం పక్కకు వాలి వెనక్కి వస్తుంటే అది మూలల్లో పట్టు లేకపోవడం. మీ మేనల్లుడు రాస్తుంటే కనిపించేది ఈ రెండో రకమే అనిపిస్తోంది. దానికి కాలి కింద ఎన్ని కాగితాలు పెట్టినా లాభం లేదు. ఈసారి వెళ్లినప్పుడు కాగితం తీసేసి, బల్లను గదిలో మరో చోటికి జరిపి, మూలలు నొక్కి ఒకసారి, పక్కకు తోసి ఒకసారి చూడండి. ఏది ఎంత ఉందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మూలల్లో పట్టు ఎందుకు లేదో కూడా మీ కొలతల్లోనే ఉంది. కాలు 75 సెంటీమీటర్ల పొడవున్న గునపం లాంటిది. దాన్ని ఆపాల్సిన రెండు స్క్రూలు 6 సెంటీమీటర్ల పట్టీలో మహా అయితే 3 సెంటీమీటర్ల ఎడంలో ఉంటాయి. అంటే బల్లను పక్కకు తోసిన ప్రతిసారీ ఆ తోపుకు సుమారు 25 రెట్ల లాగుడు ఆ స్క్రూల మీద పడుతుంది. అవి దిగింది ఎక్కడ? పట్టీ కోసిన చివర్లోకి. అక్కడ స్క్రూ మర నారను పట్టుకోదు, పొట్టి పొట్టి ముక్కలుగా తెంపుతుంది. మొదటి నెలలో గట్టిగానే ఉంటుంది, ఊగిన కొద్దీ కన్నం పెద్దదై పొడి రాలుతుంది. బల్ల కింద నేల మీద సన్నటి చెక్కపొడి కనిపిస్తుందేమో చూడండి. అదే గనక 11 సెంటీమీటర్ల పట్టీ పెట్టి, దాని చివర 9 సెంటీమీటర్ల ఎత్తున్న కుసి, అంటే కన్నంలో దూరేలా సన్నం చేసిన నాలుక, చెక్కి కాలిలోకి దింపి ఉంటే, ఆ 25 రెట్లు ఎనిమిదికి దగ్గరగా తగ్గేవి. జిగురుకు పట్టు దొరికే చోటు కూడా ఎన్నో రెట్లు పెరిగేది. నాజూకుతనం కోసం పట్టీని సన్నం చేశానన్నారు. ఆ కోరికను నేను తప్పుపట్టను. కానీ నాజూగ్గా కనిపించడానికి వేరే దారులున్నాయి. పట్టీ కింది అంచును మధ్యలో కొంచెం విల్లులా తీసేయొచ్చు, మూలల దగ్గర వెడల్పు అలాగే ఉంటుంది. కాళ్లను పట్టీ కింద నుంచి లోపలి వైపు సన్నం చేయొచ్చు. 75 ఎత్తులో రెండున్నర పై పలకకు, 11 పట్టీకి పోయినా మోకాళ్లకు 61 సెంటీమీటర్ల పైనే మిగులుతుంది. సరిపోతుంది.

బావగారి మాట గురించి. ఆయన చెప్పిన కారణం తప్పు, కానీ ఆయన అసంతృప్తి తప్పు కాదు, బల్ల నిజంగానే ఊగుతోంది కదా. స్క్రూ ఉండటం వల్ల బల్ల పాడవలేదు, స్క్రూ ఉండకూడని చోట ఉండటం వల్ల, కదలనివ్వాల్సిన చోట కదలనివ్వకపోవడం వల్ల పాడైంది. అదే స్క్రూను పలక ముఖంలోకి, నారకు అడ్డంగా దింపితే చాలా ఏళ్లు పట్టుకుంటుంది. అదే స్క్రూకు గుండ్రటి కన్నం బదులు కోలగా ఉన్న కన్నం ఇస్తే పై పలక తన ఇష్టానికి జరుగుతూ కూడా ఎగిరిపోకుండా ఉంటుంది.

మరి డవ్‌టెయిల్? దాని ఆకారమే దాని పని చెబుతుంది. విచ్చుకున్న తోక లాంటి పళ్లు ఒక దిక్కున లాగితే ఊడిరావు. సొరుగు ముందు పలకను రోజుకు పదిసార్లు లాగుతాం కాబట్టి అది అక్కడ పుట్టింది. పెట్టె మూలల్లో బాగుంటుంది. మీ బల్లలో సొరుగులా ఒకే దిక్కున లాగే మూల ఒక్కటీ లేదు. మీరు మూడు నెలలుగా మీకు లేని సమస్యకు మందు నేర్చుకుంటున్నారు. ఆ రాత్రులు వృథా అయ్యాయని మాత్రం అనను. గీత మీద రంపం నడపడం మీ చేతికి కొంతైనా వచ్చి ఉంటుంది. ఇప్పుడు కుసి కోసేటప్పుడు అదే అక్కరకొస్తుంది.

మనుషులు కొయ్యను కొయ్యతో కలపడం మొదలుపెట్టిందే అవసరం కోసం. జాంబియాలోని కలంబో జలపాతం దగ్గర దొరికిన రెండు దుంగల గురించి 2023లో ఒక పరిశోధన వచ్చింది. ఒకదాంట్లో కావాలని గాడి చెక్కి, రెండోదాన్ని అడ్డంగా కూర్చోబెట్టారు. వాటి వయసు కనీసం 4,76,000 ఏళ్లు. అందం కోసం ఆ గాడి చెక్కి ఉండరు, దుంగ దొర్లిపోకుండా ఉండటానికే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. తూర్పు జర్మనీలో 7,000 ఏళ్ల కిందటి బావులు బయటపడ్డాయి. ఓక్ చెక్కతో కట్టినవి. లోహం తెలియని కాలంలో, రాతి పనిముట్లతో కుసి చెక్కి, కన్నంలో దింపి, చీలిక కొట్టి బిగించారు. వాళ్లకు తేమ మట్టి తోపును తట్టుకునే మూల కావాలి, దానికి తగ్గ జాయింటు చేసుకున్నారు. మీకు కావాల్సిందీ అదే పద్ధతి ఆలోచన. ఈ మూలను ఏ బలం ఏ దిక్కుకు తోస్తుంది, ఈ పలక ఏ దిక్కుకు కదులుతుంది? ఈ రెండింటికీ జవాబు దొరికాకే జాయింటు పేరు గురించి ఆలోచించాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

అన్నిటికన్నా తేలికైనది, బల్లను అక్క ఇంట్లోనే ఉంచి బాగుచేయడం. పై పలక స్క్రూలు విప్పి, అడ్డ పట్టీల్లో ఉన్న కన్నాల్ని పలక వెడల్పు దిక్కున కోలగా పెంచాలి. ఒక్కో వైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. అడ్డ పట్టీ మధ్యలో ఉన్న స్క్రూను మాత్రం మామూలు కన్నంలోనే ఉంచండి, పలక రెండు వైపులకూ సమానంగా కదులుతుంది. పొడవు పట్టీల వెంట ఉన్న స్క్రూలకూ ఇలాగే అడ్డంగా చోటివ్వాలి, లేకపోతే పగులు ఇంకో చోట వస్తుంది. ఇలా వదిలాక కొన్ని రోజులు ఆగండి. బిగింపు పోగానే పగులు చాలావరకు తనంతట తానే దగ్గరపడే అవకాశం ఉంది. అప్పుడు లోపలికి జిగురు ఎక్కించి, ఆరేదాకా నొక్కి పట్టే క్లాంపులతో మూసేయొచ్చు. క్లాంపును మామూలుగా బిగిస్తే మూసుకోవాలి. బలవంతంగా బిగించాల్సి వస్తే ఆపేయండి, ఆ బలం రేపు మళ్లీ విడదీస్తుంది. మూసుకోకపోతే అదే టేకులోంచి సన్నటి పేడు తీసి, నార దిక్కు కలిపి అతికించి, చిత్రిక పట్టి సమం చేయండి. స్క్రూలు వదలకుండా పగులును లప్పంతో నింపడం మాత్రం వద్దు. తేమ నెలలు రాగానే పలక ఉబ్బి ఆ లప్పాన్ని నలిపేస్తుంది, పొడి నెలల్లో పక్కనే కొత్త గీత వస్తుంది.

ఇంకో పద్ధతి ఉంది, నాకు ఇష్టమైనది. జార్జ్ నకషీమా అని 1905లో పుట్టి 1990 వరకు బతికిన జపాన్ మూలాల అమెరికన్ పనివాడు ఉండేవారు. చెక్కలో వచ్చిన పగుళ్లను దాచేవారు కాదు. పగులుకు అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో ఉన్న చెక్క ముక్కను పొదిగి, అది ఇంకా సాగకుండా ఆపేవారు, పగులును అలాగే కనిపించనిచ్చేవారు. ముక్క నార పగులుకు అడ్డంగా ఉండాలి, మందం పలకలో సగం దాకా దిగాలి. ముందు ముక్క కోసి, దాన్ని పలక మీద పెట్టి చుట్టూ సన్నటి కత్తిమొనతో గీసి, ఆ గీత లోపల ఉలితో తొలుస్తారు. డవ్‌టెయిల్ కోసం మీరు పడ్డ కష్టం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. అక్క ఒప్పుకుంటే ఇది చేయండి. రాసుకునే చోట చెయ్యి తగిలితే అసౌకర్యం అనుకుంటే పలక అడుగు వైపు కూడా పొదగొచ్చు.

ఈ దారిలో ఊగడానికి మందు, నాలుగు మూలల్లోనూ లోపలి వైపు లావుపాటి మూడుమూలల దిమ్మెలు వేయడం. ఆ దిమ్మె రెండు పట్టీల ముఖాలకూ స్క్రూలతో పట్టుకుంటుంది, అక్కడి నుంచి ఒక బోల్టు కాలిలోకి వెళ్తుంది. వదులైనప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు. రెండు సెలవు రోజుల పని. ఊగడం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను, 6 సెంటీమీటర్ల పట్టీ 6 సెంటీమీటర్లే కదా.

రెండో దారి, పై పలకను ఉంచి చట్రాన్ని కొత్తగా చేయడం. ఇక్కడ ముందే ఒక చిక్కు గమనించండి. మీ పాత పట్టీలు కాళ్ల మధ్య దూరానికి సరిగ్గా కోసినవి, కుసి చెక్కడానికి అదనపు పొడవు లేదు. పట్టీలు కొత్తవి కావాలి. కాళ్లు పాతవే వాడొచ్చు, బయటి స్క్రూ కన్నాలకు అదే చెక్కతో బిరడాలు కొట్టుకోవాలి. పట్టీ మందం 24 మిల్లీమీటర్లు అనుకుంటే కుసి మందం 8 పెట్టుకోండి, అంటే మూడో వంతు. ముందు కాలిలో కన్నం తొలవండి, తర్వాత ఆ కన్నానికి సరిపడా కుసిని సన్నం చేయండి. తిరగేసి చేస్తే సరిచేసుకునే వీలుండదు. ఉలిని కన్నం మధ్యలో మొదలుపెట్టి చివరలకు రండి. మొదట్లో టకటకమని వినిపించే దెబ్బ, లోతు పెరిగే కొద్దీ బొంగురుపోతుంది. అప్పుడు ఆగి పెళ్లలు ఎత్తేసి, మూలమట్టం పెట్టి గోడ నిలువుగా ఉందో లేదో చూసుకోండి. ఒక కాలికి రెండు పట్టీలు వస్తాయి కాబట్టి లోపల రెండు కుసులూ కలుస్తాయి, వాటి చివరల్ని ఏటవాలుగా కోస్తే రెండూ లోతుగా దిగుతాయి.

కుసి సరిపోయిందా లేదా అన్నది చెయ్యి చెబుతుంది. చేత్తో తోస్తే సగం దాకా వెళ్లి ఆగాలి. మిగతా సగం కొయ్యసుత్తితో మెల్లగా రెండు మూడు దెబ్బలకు దిగాలి. చేత్తోనే మొత్తం దిగిపోతే వదులు, గట్టిగా బాదాల్సి వస్తే కాలు చీలుతుంది. వదులైందని టెన్షన్ పడకండి, కుసి చెంపకు పల్చటి పొర అతికించి మళ్లీ సరిచేసుకోవచ్చు. నేను మొదట్లో చేసిన బెంచీకి ఎనిమిది కుసుల్లో ఐదింటికి అలా పొరలు అతికించాను. ఇప్పటికీ దాని మీద కూర్చుంటున్నాం.

క్లాంపులు సరిపడా లేకపోతే పాతకాలపు ఉపాయం ఒకటుంది. కాలికి అడ్డంగా, కుసి కన్నం గుండా ఒక బెజ్జం వేయండి. కుసిని ఒట్టిగా దింపి, బెజ్జం ఎక్కడ పడుతుందో దాని మీద గుర్తు పెట్టి బయటికి తీయండి. కుసికి వేసే బెజ్జాన్ని ఆ గుర్తు మీద కాకుండా, కుసి మొదలు వైపుకు ఒక మిల్లీమీటరు జరిపి వేయండి. మళ్లీ దింపి, మొన సన్నం చేసిన కొయ్య చీలను కొడితే అది రెండు బెజ్జాల్నీ ఒకే వరసకు తేవడానికి పట్టీని కాలిలోకి లాగుతుంది. ఆ చీల చివరి రెండు దెబ్బలప్పుడు పట్టీ భుజానికీ (కుసి మొదలయ్యే మెట్టుకు) కాలికీ మధ్య వెంట్రుక వాసి సందు కళ్లముందే మూసుకుపోతుంది.

ఈ దారికి మీ సెలవు రోజులే లెక్కేసుకుంటే నెల, నెలన్నర పడుతుంది. చట్రం మీ ఇంట్లో చేసి, చివరి రోజున మాత్రం పై పలక మార్చుకుంటే మేనల్లుడి చదువుకు అడ్డం రాదు. కొత్త పట్టీలకు కొన్న చెక్కను మాత్రం ఈసారి వెంటనే కోయకండి. పలకల మధ్య సన్నటి బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, బల్ల ఉండబోయే గదిలాంటి గదిలో కొన్ని వారాలు ఉంచండి. బయట గాలికి ఆరే చెక్కకు అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. ఆరిన చెక్క కొన్నా సరే, గది గాలికి అలవాటు పడటానికి ఆ వారాలు ఇవ్వాలి.

మూడో దారి పూర్తిగా కొత్త బల్ల. చేతికి సంతోషంగా ఉంటుంది. కానీ అక్కను అడగకుండా ఇది మొదలుపెట్టకండి. ఆమెకు ఈ బల్లే ఇష్టం కావచ్చు. మీరు దాన్ని మోసుకెళ్లిపోతే, దాచిన పగులే ఆమెకు గుర్తుండిపోతుంది. ఒకవేళ ఆమె సరేనంటే పాతది మీ పని బల్లగా ఉంచుకోండి. చట్రం మార్చాక మీ ఇంట్లో అది బాగా పనికొస్తుంది.

ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక దారే గానీ, అది మాత్రం వద్దనే చెప్తాను. పగులు ప్రతి పొడి కాలానికీ కొంత సాగుతుంది, అది చూడ్డానికే బాగుండదు. మూలలు వదులైన బల్ల మీదికి మాత్రం ఎవరో ఒకరు ఎప్పుడో బల్బు మార్చడానికి ఎక్కుతారు. అది ప్రమాదం.

ఈ మూడింట్లో నేనైతే ఏది చేస్తానని అడిగితే, ముందు మొదటిది చేసి, ఒక తేమ కాలం ఒక పొడి కాలం గడిచాక రెండోదానికి వెళ్తాను. అప్పటికి ఆ పై పలక ఎంత కదులుతుందో నాకు తెలిసి ఉంటుంది, కుసి కోయడం మిగిలిపోయిన ముక్కల మీద నాలుగైదుసార్లు చేసి ఉంటాను. మీకు ఓపిక తక్కువై, చెయ్యి ఊరుకోకపోతే నేరుగా రెండోదానికి వెళ్లినా నష్టం లేదు. పనిముట్లు ఇచ్చేయడం గురించి మీరు ఒక్క లైనే రాశారు, పగులు గురించి రెండు పేజీలు రాశారు. మీకు ఇవ్వాలని లేదు.

ఏ దారి ఎంచుకున్నా, ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. స్క్రూడ్రైవర్, కొలత టేపు, పెన్సిల్ పట్టుకుని అక్క ఇంటికి వెళ్లండి. అడ్డ పట్టీల్లో మధ్య స్క్రూను ముట్టకుండా మిగతావన్నీ ఒకటిన్నర చుట్టు వదులు చేయండి. అరగంట పని, ఆ బిగింపు తగ్గితే పగులు అంత తేలిగ్గా ముందుకు సాగదు. తర్వాత పై పలక అడుగున, పగులు లేని చివర దగ్గర, వెడల్పు ఎంతుందో మిల్లీమీటర్లతో సహా పెన్సిల్‌తో రాసి పక్కన తేదీ వేయండి. నెలనెలా అక్కడే కొలిచి కింద రాయమని మేనల్లుడికి చెప్పండి. 150 సెంటీమీటర్ల బల్లను తిరగేయడానికి రెండో మనిషి కావాలి. అక్కను పిలవండి, తడిగుడ్డ సంగతి అప్పుడే చెప్పొచ్చు.